అద్దె కుర్చీలు, అరువు సిగ్గు

మావయ్య నోరు తెరవకూడదని మేనకోడలు పొద్దున్నే మాట తీసుకుంది. "కుర్చీలు తెస్తావు, వేస్తావు, వెళ్ళిపోతావు. ఒక్క కథ కూడా చెప్పకూడదు," అంది. "నేనా? నేను కథలు చెప్పడమేమిటే? నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషిని," అన్నాడు మావయ్య. ఆ రోజుకి అదే మొదటి కోత అని ఆమెకి అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆయన్ని చుట్టరికం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ కుర్చీల మావయ్య అనే పిలుస్తారు. ఊళ్ళో పెళ్ళి జరిగినా, మీటింగు పెట్టినా, ఎవరైనా పోయినా కుర్చీలు ఆయన షాపు నుంచే రావాలి. కుర్చీలకి అద్దె ఉంది కానీ మాటలకి లేదు. కుర్చీలు దింపి, వరసలు సర్ది, చివరి కుర్చీలో తను కూర్చుని ఎవరు దొరుకుతారా అని చూస్తాడు. దొరికినవాళ్ళు నిలబడే వింటారు. కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టమని వాళ్ళకి అనుభవం మీద తెలుసు.

మేనకోడలు పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు పిలిచే ఉద్యోగం చేస్తుంది, సాయంత్రాలు నాటకాలు వేస్తుంది. ఈ కొత్త నాటకం ఆమెకి ఆ క్లినిక్కులోనే దొరికింది. ఒకరోజు ఆమె ఎవరి పేరో పిలిస్తే ఇంకెవరో లేచి వచ్చాడు. పిలిచింది తనని కాదని తెలిసి, కాళ్ళు తిమ్మిరెక్కి లేచినవాడిలా గదిలో అటూ ఇటూ నడిచి వెళ్ళి కూర్చున్నాడు. వాడు నిక్షేపంలా ఉన్నాడు. చూసినవాళ్ళే ఒకళ్ళు పైకప్పు వంకా, ఒకళ్ళు చెప్పుల వంకా చూస్తూ ముడుచుకుపోయారు. పొరపాటు వాడిదైతే చెవులు మనకెందుకు కాలుతున్నాయి అనుకుంది ఆమె. దానికి 'అరువు సిగ్గు' అని పేరు పెట్టింది. పొడుగ్గా ఉండే స్నేహితుణ్ణొకణ్ణి తోడు తీసుకుని, టైలరు షాపు మీది గదిలో ఇద్దరూ నెలల తరబడి దాన్ని తయారుచేశారు.

ఆ సాయంత్రం టౌను హాలు మేనేజరు చూడ్డానికి వచ్చాడు. ఆయనకి నచ్చితే శనివారం హాలు ఇస్తాడు. నచ్చకపోతే ఇక అంతే సంగతులు. వచ్చే నెల నుంచి ఆ గదిలో టైలరు కొత్త మిషన్లు దింపుతున్నాడు కాబట్టి నాటకం అక్కడే పుట్టి అక్కడే పోతుంది. ఆ సంగతి తలుచుకుంటే మేనకోడలికి రెండు రోజులుగా అన్నం సహించడంలేదు.

నాటకం అయితే వేశారు. వెనకాల ఎవరికో చెయ్యి ఊపితే తనకే అనుకుని ఊపినవాడి కథ వేశారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టేసి, ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక దోమని చంపినట్టు నటించినవాడి కథ వేశారు. పొడుగాయన ప్రాణం పెట్టి చేశాడు. మేనేజరు మాత్రం బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉలుకూ పలుకూ లేకుండా చూశాడు. అయిపోయాక, "బాగుంది. చూద్దాం," అన్నాడు.

చూద్దాం అంటే చూడరని మేనకోడలికి తెలుసు. క్లినిక్కులో తనూ రోజుకి ఎంతమందికో 'డాక్టరుగారు ఇప్పుడే వచ్చేస్తారు' అని చెప్తుంది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

మేనేజరు లేచి గొడుగు కోసం చూసుకున్నాడు. గొడుగు తేలేదు. బయట వాన దంచి కొడుతోంది. టైలరు కింద నుంచి టీ తెచ్చి అందరికీ పోశాడు. కాదన్నవాడూ, కాదనిపించుకున్నవాళ్ళూ ఒకే గదిలో ఇరుక్కుని, టీ ఊదుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు చివరి వరసలోంచి దగ్గు వినబడింది. కుర్చీల మావయ్య వెళ్ళలేదు.

"నేనూ ఒకసారి ఇలాంటిదే వేశాన్లెండి," అన్నాడు చాలా అణకువగా. "చిన్నదే. చెప్పుకోదగ్గదేం కాదు."

"మావయ్యా, వాన తగ్గినట్టుంది, నువ్వు బయల్దేరు," అంది మేనకోడలు. వాన ఇంకాస్త గట్టిగా అందుకుంది.

"ఎక్కడ వేశారు?" అన్నాడు మేనేజరు, మర్యాదకి. మావయ్యని మర్యాదకి కూడా ఏమీ అడగకూడదని ఆయనకి తెలియదు.

"మీ హాల్లోనే సార్," అంటూ మావయ్య కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మీరప్పటికి లేరు, మీ ముందాయన కూడా లేడు, ఆయన ముందాయన ఉండేవాడు. ఆ రోజు ఏదో నాటకం ఉందన్నారు, కుర్చీలు వేశాను, జనం వచ్చారు, కిటకిటలాడిపోతున్నారు, నాటకం వాళ్ళు మాత్రం రాలేదు, దారిలో బండి చెడిపోయిందట. జనం ఒకటే గోల. మేనేజరు నా చేతులు పట్టుకుని, 'బాబ్బాబు, నువ్వెళ్ళి నాటకం లేదని చెప్పు, నేను చెప్తే తంతారు,' అన్నాడు. సరే పాపం కదా అని స్టేజీ ఎక్కాను. మైకు ముందు నిలబడ్డాను. నిలబడి చెప్పాల్సిన ముక్క మర్చిపోయాను."

"అయ్యో," అన్నాడు పొడుగాయన.

"మర్చిపోయానని నువ్వు అనుకుంటున్నావు. జనమూ అలాగే అనుకున్నారు. అక్కడే ఉంది కిటుకు. నేను మర్చిపోలేదయ్యా, మర్చిపోయినట్టు నిలబడ్డాను. అప్పటికప్పుడు బుర్రలో తట్టింది, వీళ్ళకి ఏడుపు నాటకం చూపించినవాళ్ళున్నారు, నవ్వు నాటకం చూపించినవాళ్ళున్నారు, సిగ్గు నాటకం చూపించినవాడు లేడు. ఒక్క మాట మాట్లాడకూడదు, ఇలా నిలబడాలి, అంతే." మావయ్య లేచి నిలబడి చూపించాడు. చేతులు ముందు కట్టుకున్నాడు, వెనక్కి కట్టుకున్నాడు, జేబులో పెట్టుకోబోతే జేబు దొరకలేదు, చివరికి ఒక చెయ్యి గాల్లో వదిలేసి నవ్వాడు. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

మేనకోడలు తల దించుకుంది. చిన్నప్పుడు బడిలో తను పాట పాడితే మావయ్య ముందు వరసలో కూర్చునేవాడు, పాట సగంలో ఉండగానే లేచి ఒక్కడే చప్పట్లు కొట్టేవాడు. అప్పుడూ ఆమె చెవులు ఇలాగే కాలేవి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు వరసలో ఒకావిడ హ్యాండ్‌బ్యాగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. పక్కాయన బూటు లేసులు కట్టుకోవడానికి వంగాడు. ఎంతసేపటికీ లేవడే? చివరికి చూస్తే ఆయన తొడుక్కుంది బూట్లు కాదు, చెప్పులు. లేని లేసులు గంటసేపు కట్టాడు సార్, ముడి మీద ముడి వేశాడు. ఇంటికెళ్ళాక విప్పుకోలేక వాటితోనే పడుకున్నాట్ట."

"లేని లేసులా?" అన్నాడు టైలరు.

"తమ్ముడూ, నువ్వు బట్టలు కుట్టేవాడివి, నీకు తెలియదు. కుర్చీలు వేసేవాడికి తెలుస్తుంది జనం సంగతి. నాటకం బాగుంటే జనం కుర్చీ అంచుకొస్తారు, బాగోకపోతే వెనక్కి వాలతారు, సిగ్గేస్తే కిందకి జారతారు. వీళ్ళు జారడం మొదలెట్టారు. మొదట నడుము దాకా జారారు, తర్వాత భుజాలదాకా జారారు, కాసేపటికి స్టేజీ మీంచి చూస్తే జుట్టు తప్ప ఏమీ కనబడలేదు, బట్టతలవాళ్ళయితే ఉన్నారో వెళ్ళిపోయారో కూడా తెలియలేదు. ఒక్క ముఖం కనిపిస్తే ఒట్టు. ఆ బరువుకి నా ఇనప కుర్చీల కాళ్ళు వంగి పొట్టిగా అయిపోయాయి. వాటినే ఇప్పటికీ చిన్నపిల్లల బడికి ఇస్తున్నాను, కావాలంటే వచ్చి చూసుకోండి."

మేనేజరు టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉంచేశాడు. గ్లాసులో టీ అయిపోయి చాలాసేపయిందని మేనకోడలికి తెలుసు. ఆమె వేసిన నాటకానికి ఇంచీ కదలని మనిషి, కుర్చీ మెల్లమెల్లగా వెనక్కి జరుపుకుంటున్నాడు.

"మరి వేడి సంగతి చెప్పలేదు కదూ," అన్నాడు మావయ్య. "సిగ్గేస్తే ముఖం వేడెక్కుతుంది కదా? ఒకళ్ళకయితే పరవాలేదు, హాలు హాలంతా వేడెక్కింది. ఫ్యాన్లు తిరుగుతున్నా వడగాలే. బయట ఐస్‌క్రీమువాడి బండి నిలబడ్డచోటే కరిగి కాలవ కట్టింది. తుమ్మితే ఆవిరి వస్తోంది."

"అంత వేడయితే చొక్కాలు ఇస్త్రీ చేసుకోవచ్చు," అన్నాడు టైలరు, నవ్వు ఆపుకుంటూ.

మావయ్య ఉలిక్కిపడ్డట్టు చూశాడు. "నీకెవరు చెప్పారు? అప్పటికి నువ్వు పుట్టి కూడా ఉండవే. ఎదురుగా ఇస్త్రీ బండి ఉండేది సార్, వాడు సంగతి కనిపెట్టేసి, బొగ్గులు దండగెందుకని బట్టల మూట ఎత్తుకుని లోపలికి వచ్చేశాడు. వరసలో కూర్చున్నవాళ్ళ చెంపలకి ఒక్కో చొక్కా అదమడం, ముడత పోగానే మడతపెట్టడం. చేతి రుమాళ్ళకి చెవులు సరిపోయాయి. కోట్లకి మాత్రం కాస్త లావుపాటి మనుషులు కావలసొచ్చింది. ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి తలెత్తాలి కదా?"

పొడుగాయన కాళ్ళు ముడుచుకుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. అంత పొడుగు మనిషి అంత చిన్నగా అవగలడని ఎవరూ అనుకోరు. "చాలు మావయ్యగారూ," అన్నాడు లోపల్నుంచి.

"అప్పుడే చాలా? పరదా సంగతి వినవా? ఈలోగా మేనేజరు పరదా దించమన్నాడు. దించారు. మళ్ళీ ఎత్తమన్నాడు. ఎత్తితే అది రాదు. బలవంతంగా లాగితే మోకాలెత్తు లేచి, నన్ను తొంగి చూసి, సిగ్గేసి మళ్ళీ జారిపోయింది. గోడ గడియారం మేకు చుట్టూ తిరిగి ముఖం గోడవైపు పెట్టుకుంది. ఇవన్నీ ఒక ఎత్తు, హాలు చేసిన పని ఒక ఎత్తు. ఆ హాలు గుమ్మం అప్పట్లో మెయిన్ రోడ్డు వైపు ఉండేదా, తెల్లారి చూస్తే సందులోకి తిరిగిపోయింది. ఊరివాళ్ళకి ముఖం చూపించలేకపోయింది పాపం."

"మా హాలు గుమ్మం సందులోకే ఉంది," అన్నాడు మేనేజరు, నోరు జారి.

"చూశారా మరి."

"అది రోడ్డు వెడల్పు చేసినప్పుడు మార్చారండీ."

"మీకలా చెప్పారు సార్. ఉద్యోగంలో కొత్తగా చేరినవాడికి అసలు సంగతి ఎవరు చెప్తారు? మర్యాదగా ఉండదు కదా," అన్నాడు మావయ్య జాలిగా.

మేనేజరు గొంతులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. నవ్వో దగ్గో ఆయనకే తెలిసినట్టులేదు. మావయ్య ఇంకో గ్లాసు టీ పోసుకోవడానికి లేచేసరికి, ఆయన మేనకోడల్ని కిటికీ దగ్గరికి పిలిచాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"శనివారం మీదే," అన్నాడు గుసగుసగా. "మీరు చేసినవి బాగున్నాయి కానీ నాకేం కాలేదు. ఈయన నోరు తెరిచినప్పట్నుంచి నా కాలివేళ్ళు బూట్లలో ముడుచుకునే ఉన్నాయి. ఇదే కదా మీకు కావలసింది? ఆయన్ని స్టేజీ మీద కూర్చోబెట్టండి. ఒకటే షరతు, ఆయనకి ఏమీ చెప్పకండి. జనం నిజంగా మెచ్చుకుంటున్నారనే అనుకోవాలి. చెప్తే చెడిపోతుంది."

మేనకోడలికి ముందు ప్రాణం లేచి వచ్చింది. శనివారం, హాలు, జనం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. తర్వాత ఆ హాలు మధ్యలో మావయ్య కనిపించాడు. ఊరంతా ముడుచుకుపోతూ చూస్తుంటే ఆయన మురిసిపోతూ చెప్పుకుపోతున్నాడు. వాళ్ళందరూ ఎందుకు ముడుచుకుపోతున్నారో ఒక్కడికే తెలియదు. పెళ్ళిళ్ళలో కుర్చీలు వేసి వేసి, వాటిని మళ్ళీ పొద్దున్నే మడతపెట్టుకుని వెళ్ళే మనిషి. తను నాటకాలాడతానంటే ఇంట్లో అందరూ పెదవి విరిస్తే, 'మా వంశంలో స్టేజీ కొత్తేం కాదు' అని గొప్పలు పోయి ఒప్పించింది ఆయనే. వంశంలో నాటకాలాడినవాళ్ళెవరూ లేరని ఆమెకి తర్వాత తెలిసింది. ఆమెకి సిగ్గేసింది. ఈసారిది అరువు సిగ్గు కాదు, సొంత సిగ్గే.

ఏదో ఒకటి చెప్పేయాలని వెనక్కి తిరిగింది. మావయ్య అప్పటికి కథలో హాలు దాటి ఊరి మీద పడ్డాడు.

"చూసినవాళ్ళు సరే, చూడనివాళ్ళకీ పట్టుకుంది. ఒకడు ఇంకొకడికి చెప్పడం, విన్నవాడు ముఖం కప్పుకోవడం. వీధిలో మనుషులు తల వంచుకుని నడిచి ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోవడం, గుద్దుకున్నందుకు మళ్ళీ ఇంకాస్త సిగ్గుపడడం. రైలు వచ్చింది సార్ ఆ సాయంత్రం, మన ఊళ్ళో కూత వెయ్యకుండా పిల్లిలా వెళ్ళిపోయింది, లోపలివాళ్ళందరూ కిటికీలు మూసేసుకున్నారు. సూర్యుడైతే ఇంకా బోలెడు పొద్దుండగానే గబగబా దిగిపోయాడు. పంచాంగాలన్నీ తప్పాయి. మూడు రోజులు..."

"మూడు రోజులు ఏమైంది?" అంది మెట్ల దగ్గర ఒక గొంతు.

అత్తయ్య. మావయ్య భార్య. కుర్చీలు వెనక్కి తీసుకెళ్ళడానికి ట్రాలీ ఆటో తెచ్చింది. తల మీద ప్లాస్టిక్ సంచీ బోర్లించుకుని, చేతిలో కుర్చీలు తుడిచే గుడ్డతో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి అక్కడ ఉందో ఎవరూ చూడలేదు.

"రా రా, కూర్చో," అన్నాడు మావయ్య, కాస్త తగ్గి. "మన సిగ్గు నాటకం గురించి చెప్తున్నాను. ఆ రోజు నువ్వూ ఉన్నావుగా."

"ఉన్నాను. ఆ కుర్చీలు తుడిచింది నేనే," అంది అత్తయ్య. "పెళ్ళయిన కొత్త. నాటకం ఆగిపోయిందని ముందురోజే ఊరందరికీ తెలుసు. మనకి చెప్పడం మర్చిపోయారు. మనం పొద్దున్నుంచీ హాలు నిండా కుర్చీలు వేశాం. సాయంత్రమయింది, ఎవరూ రాలేదు. మీరు చివరి వరసలో కూర్చుని చాలాసేపు చూశారు. వేసిన కుర్చీలు ఊరికే పోవడమెందుకని స్టేజీ ఎక్కారు. మర్నాడు పొద్దున్న తుడుద్దామని గుడ్డ తీస్తే, తుడవడానికేం ఉంది? నేను కూర్చున్న కుర్చీ తప్ప ఒక్కటీ మాసిపోలేదు."

టైలరు నోట్లో గుండుసూదులు లేకపోయినా ఉన్నట్టు పెదాలు బిగించాడు. పొడుగాయన వంగి లేసులు కట్టుకోవడం మొదలెట్టాడు. ఆయన వేసుకున్నవీ చెప్పులే. మేనేజరు ఖాళీ గ్లాసులో అడుగున ఏదో వెతికాడు. మేనకోడలికి ఎవరి వంక చూడాలో తెలియలేదు. నెలల తరబడి తను చెయ్యాలనుకున్నది ఇదే. తీరా అది గదిలోకి వచ్చి కూర్చున్నాక, ఎవరైనా దాన్ని బయటికి పంపేస్తే బాగుండునని ఉంది.

మావయ్య చేతులు ముందు కట్టుకున్నాడు. వెనక్కి కట్టుకున్నాడు. జేబు వెతుక్కున్నాడు.

"నేనేమన్నాను?" అన్నాడు చివరికి, అందరి వంకా చూసి. "హాల్లో ఒక్క ముఖం కనిపిస్తే ఒట్టు అన్నానా లేదా? ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

ముందు మేనేజరే నవ్వాడు. ఆ మనిషి నవ్వితే ఎలా ఉంటాడో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. గ్లాసు పక్కనపెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. టైలరు గోడ పట్టుకున్నాడు. పొడుగాయన లేని లేసులు వదిలేసి నేల మీద చతికిలపడ్డాడు. అత్తయ్య మాత్రం గుడ్డ తీసి దగ్గరున్న కుర్చీ తుడవడం మొదలెట్టింది.

నవ్వులు తగ్గేదాకా మేనకోడలు ఆగలేకపోయింది. "మావయ్యా, ఒక మాట చెప్పాలి. మేనేజరుగారు శనివారం హాలు ఇస్తానన్నారు. నువ్వు స్టేజీ ఎక్కి కథ చెప్తేనే ఇస్తారు. నీకు మాత్రం చెప్పొద్దన్నారు. జనం నిన్ను చూసి ముడుచుకుపోవాలి, నువ్వు అది మెప్పనుకోవాలి. అదీ సంగతి. నాకది ఇష్టం లేదు," అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

మేనేజరు ముఖంలో నవ్వు పోయింది. "చెప్పొద్దన్నానా?" అంటూ నీళ్ళు నమిలాడు.

మావయ్య కాసేపు తను తెచ్చిన కుర్చీల వంక చూశాడు.

"పిచ్చిదానా, జనం నన్ను చూసి ముఖాలు ఎందుకు తిప్పుకుంటారో నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. "నవ్వడానికైనా, ముడుచుకోవడానికైనా కుర్చీలో మనిషంటూ ఉండాలి కదే. ఖాళీ కుర్చీలకి ఆడి చూసినవాణ్ణి. వాటికి సిగ్గుండదు. ఎంత ఆడినా వాటిలో ఒక్కటి కూడా కిందకి జారదు. మీరేమో నన్ను శనివారం మనుషులకి ఆడమంటున్నారు, వద్దంటానా?"

మేనకోడలు ఒక కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"అయితే అందరికీ తెలిసే చేద్దాం," అన్నాడు మేనేజరు, బూటు వంక చూస్తూ. "నాదే పొరపాటు. మీరూ మీ ఆవిడా ఇద్దరూ రండి. ఈవిడ లేకపోతే మీ కథకి చివర ఉండదు."

మావయ్య మళ్ళీ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అప్పటికే ఆయనకి ఊపిరి తిరిగొచ్చింది. "చివర సంగతి అంటే గుర్తొచ్చింది సార్. ఊరు రాలేదు, సరే, ఒప్పుకున్నాను. వచ్చిన ఒక్క మనిషి సంగతి చూడండి. నేను ఎక్కినప్పట్నుంచి దిగేదాకా మీ అత్తయ్య తువ్వాలు ముఖం మీంచి తియ్యలేదే అమ్మాయ్. గంటసేపు! ఒక్కసారి కళ్ళు చూపించలేదు. కొత్త పెళ్ళికూతురు, మొగుడి కోసం అంత సిగ్గుపడిందంటే నా ఆట ఎలాంటిదో మీరే ఊహించుకోండి. హాలు నిండా పడాల్సిన సిగ్గంతా ఒక్కర్తే పడింది. అదీ ఆటంటే."

అత్తయ్య కుర్చీ తుడవడం ఆపలేదు.

"సిగ్గూ లేదు, పాడూ లేదు," అంది. "పొద్దున్నుంచీ కుర్చీలు మోసిన ఒళ్ళు. మీరు ఎక్కగానే నిద్ర ముంచుకొచ్చింది. వెలుగు పడకుండా ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాను."

ఇన్నేళ్ళుగా మావయ్య చెప్పిన కోతల్లో తను నిజమని నమ్ముకున్నది ఆ ఒక్క ముక్కే.

"అంత నిద్రొస్తే ఇంటికెళ్ళి పడుకోవచ్చుగా అత్తయ్యగారూ," అన్నాడు పొడుగాయన.

"బాగుంది," అంది అత్తయ్య, గుడ్డ దులుపుతూ. "నేను లేచి వెళ్ళిపోతే హాలు ఖాళీ అయిపోదూ?"

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చెంపలకి దిగి మెడ దాకా పాకింది. ఆయన తల దించుకుని కాలి బొటనవేలితో నేల మీద ఏదో రాస్తూ, కూర్చున్న కుర్చీలోంచి నెమ్మదిగా కిందకి జారాడు.

టైలరు మెల్లగా లేచి కింద షాపులోకి కేకేశాడు.

"ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలేమైనా ఉంటే పైకి పంపించండి."